పాత సైనిక విమాన ఛాయాచిత్రాల గుర్తింపు: సికింద్రాబాద్ పరిసరాలు

వివరాలు చెరిగిపోయిన ఫొటోలో, లేదా తప్పు వివరాలు నమోదైన ఫొటోలో ఉన్న విమానం ఏ రకమో, ఏ దళానిదో, ఆ ఫొటోను ఎక్కడ, ఎప్పుడు తీశారో అందులోని సాక్ష్యాలను బట్టి తేల్చే పనిని సైనిక విమాన ఛాయాచిత్రాల గుర్తింపు అంటారు. విమానయాన చరిత్ర, స్థానిక భూగోళం, ఛాయాగ్రహణ సాంకేతికత ఇందులో కలిసి పనిచేస్తాయి. కంటోన్మెంటు, మూడు ముఖ్య విమాన క్షేత్రాలు, నిజాం సంస్థాన చరిత్ర పక్కపక్కనే ఉండటంతో సికింద్రాబాద్ పరిసరాల్లో ఇలాంటి ఫొటోలు ఎక్కువగా కనిపిస్తాయి. మారేడ్‌పల్లి, అల్వాల్, సైనిక్‌పురి ప్రాంతాల్లోని పాత ఇళ్లలో తాతల కాలం నాటి ఆల్బమ్‌లు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలా ఫొటోల వెనక ఒక ఊరి పేరుకు మించి ఏమీ రాసి ఉండదు.

పరిధి, పదాలు

ఇక్కడ రెండు ప్రశ్నలు వేర్వేరుగా ఎదురవుతాయి. విమానం ఏది అన్నది మొదటిది, స్థలం ఏది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తేలినట్టు కాదు. విమానం ఎగిరి వెళ్లేది కాబట్టి, ఒక దళానికి చెందిన విమానం ఆ దళపు స్థావరంలోనే ఫొటోకు దొరకాలన్న నియమం లేదు. అందుకే అనుభవం ఉన్న పరిశీలకులు యంత్రం చెప్పే సాక్ష్యాన్నీ నేల చెప్పే సాక్ష్యాన్నీ విడివిడిగా రాసుకుని, ఆ తరువాతే రెండూ పొసగుతాయో లేదో చూస్తారు. ఫొటో కింది వ్యాఖ్యను మూడో సాక్షిగా, అందరికన్నా బలహీనమైన సాక్షిగా లెక్కిస్తారు. సికింద్రాబాద్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎందుకన్నది "హైదరాబాద్ అనే పేరు" విభాగంలో చూడవచ్చు.

వాడుకలోని కొన్ని మాటలు: రెక్కల మీద, దేహం మీద ఉండే వలయాకారపు జాతీయ చిహ్నం రౌండెల్. ఒక్కో విమానానికి ప్రత్యేకంగా ఇచ్చే అక్షరాలు, అంకెల కూర్పు సీరియల్ నంబరు. దళాన్ని తెలిపే పెద్ద అక్షరాలు స్క్వాడ్రన్ కోడ్. తోక నిలువు రెక్క మీద ఉండే రంగుల పట్టీ ఫిన్ ఫ్లాష్. నేరుగా కిందికి చూస్తూ తీసినది నిలువు చిత్రం, పక్కకు వాలి తీసినది ఏటవాలు చిత్రం.

స్థానిక నేపథ్యం

సికింద్రాబాద్ కంటోన్మెంటు 1806లో ఏర్పడింది. నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి ఆ పేరు వచ్చింది. విమానాలు రాకముందే ఇక్కడ ఛాయాగ్రహణం వేళ్లూనుకుంది. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచి, సైనిక విన్యాసాలనూ కంటోన్మెంటు భవనాలనూ విస్తారంగా ఫొటో తీశారు. ఆయన 1905లో మరణించారు గనుక ఆయన ఫొటోల్లో విమానాలు ఉండవు. అయినా ఇరవయ్యో శతాబ్దపు ఫొటోలో గుట్ట ముందున్న చర్చి ఏదో, బారకు ఏదో తేల్చుకోవాలంటే పోల్చి చూసేందుకు ఆయన చిత్రాలే గట్టి ఆధారం. ఆయన గాజు నెగటివ్‌లలో 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి.

బేగంపేట విమాన క్షేత్రం 1930లలో హైదరాబాద్ ఏరో క్లబ్‌తో పాటు రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకటో నంబరు ప్రాథమిక విమాన శిక్షణ పాఠశాల ఇక్కడే నడిచింది. టైగర్ మాత్ అనే రెండు అంతస్తుల రెక్కల విమానంపై కొత్త పైలట్లు ఇక్కడ తొలి పాఠాలు నేర్చుకున్నారు. 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు కూడా ఇదే నేల మీద దిగేవి. ఆ సంస్థ 1953లో జాతీయీకరణతో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. ఒకే ఫొటోలో పౌర డకోటా, సైనిక టైగర్ మాత్ పక్కపక్కన కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పౌర విమానాలకు "వీటీ" అనే అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ ఉంటుంది, సైనిక విమానాలకు సీరియల్ నంబరు ఉంటుంది. యుద్ధకాలంలో పౌర విమానాలను సైన్యం తీసుకుని నంబర్లు మార్చిన సందర్భాలు ఉన్నాయి కాబట్టి ఒకే యంత్రానికి రెండు పేర్లు కూడా దొరకవచ్చు.

బొల్లారానికి ఉత్తరాన ఉన్న హకీంపేట జెట్ శిక్షణకు పేరుపొందింది. వాంపైర్లు, తరువాత కిరణ్‌లు, 1975 నుంచి 2004 దాకా పోలండ్‌లో తయారైన ఇస్క్రాలు అక్కడ ఎగిరాయి. దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబర్ 11న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. శిక్షణ 1971లో మొదలైంది. అంటే "దుండిగల్, 1965" అని రాసి ఉన్న శిక్షణ విమానం ఫొటో దొరికితే స్థలమో సంవత్సరమో, రెండింటిలో ఒకటి తప్పు.

"హైదరాబాద్" అనే పేరు

సైనిక విమాన ఫొటోల వెనక "హైదరాబాద్" అని ఉంటే దానికి కనీసం నాలుగు అర్థాలు రావచ్చు. ఈ విషయంలో జరిగినన్ని పొరపాట్లు మరే ఊరి విషయంలోనూ జరిగి ఉండవు. అందుకే దీన్ని వివరంగా చెప్పుకోవాలి.

మొదటి అర్థం దళం పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళంతో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్.9ఏ బాంబర్లు సమకూరాయి. వాటిని నిజాం బహూకరించారని తెలిపే వాక్యాన్ని విమానాల దేహం మీద రాశారు. ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది, చిహ్నంలో పులి బొమ్మ వచ్చింది. 1918 సెప్టెంబర్‌లో ఈ దళం ఫ్రాన్స్ చేరి జర్మనీ పట్టణాల మీద దాడులు చేసింది. ఆ విమానాల్లో ఒకటి, ఎఫ్1010, 1918 అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్‌లో కొన్నేళ్లు ప్రదర్శనలో ఉండి, రెండో యుద్ధ సమయంలో పోలండ్ చేరి, 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియానికి వచ్చింది. దేహం మీద హైదరాబాద్ అన్న మాట స్పష్టంగా కనిపించే ఈ విమానం హైదరాబాద్ నేలను ఎన్నడూ తాకలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలోనూ ఇదే జరిగింది. నిజాం విరాళాలకు గుర్తుగా 152వ స్క్వాడ్రన్‌ను "హైదరాబాద్" అనీ, 253వ స్క్వాడ్రన్‌ను "హైదరాబాద్ స్టేట్" అనీ పిలిచారు. 152వ దళం చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. ఈ దళపు స్పిట్‌ఫైర్ల మీద "యూఎం" అనే కోడ్ ఉండేది. 1940లో బ్రిటన్ మీద జరిగిన వైమానిక యుద్ధంలో అవి డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి ఎగిరాయి. కాబట్టి "హైదరాబాద్ స్క్వాడ్రన్, 1940" అని ఉన్న స్పిట్‌ఫైర్ ఫొటోలో కనిపించే పచ్చిక ఇంగ్లండ్‌ది, బేగంపేటది కాదు. అయితే 110, 152 దళాలు యుద్ధం ముదిరాక నిజంగానే భారతదేశానికి వచ్చి బర్మా సరిహద్దుల్లో పోరాడాయి. 110వ దళం వెంజెన్స్ అనే డైవ్ బాంబర్లను నడిపింది. 152వ దళపు స్పిట్‌ఫైర్ల మీద రౌండెల్‌ను దాటుతూ దూకే నల్ల చిరుత బొమ్మ గీసుకున్నారు. కనుక "హైదరాబాద్ స్క్వాడ్రన్, ఇండియా" అన్న వ్యాఖ్య అబద్ధం కాకపోవచ్చు, కానీ నేల మాత్రం తూర్పు సరిహద్దుది. 253వ దళం ఉత్తర ఆఫ్రికా, ఇటలీ వైపు వెళ్లింది.

రెండో అర్థం విమానం పేరు. హ్యాండ్లీ పేజ్ సంస్థ 1923లో తొలిసారి ఎగరేసిన రెండు ఇంజన్ల భారీ బాంబరుకు "హైదరాబాద్" అనే పేరు పెట్టారు. 1925లో 99వ స్క్వాడ్రన్‌లో చేరిన ఈ చెక్క నిర్మాణపు విమానం బ్రిటన్‌లోని దళాల్లోనే పనిచేసింది. పాత ఫొటో వెనక "హైదరాబాద్" అని ఒంటరిగా రాసి ఉండి, ముందు రెండు ఇంజన్లు, రెండు అంతస్తుల రెక్కలున్న పెద్ద విమానం ఉంటే అది ఊరి పేరు కాదని దాదాపు చెప్పేయవచ్చు.

మూడోది సింధ్ హైదరాబాద్. కరాచీ దగ్గరి డ్రిగ్ రోడ్డు నాటి వైమానిక దళానికి పెద్ద కేంద్రం. 1933 ఏప్రిల్ 1న భారత వైమానిక దళపు తొలి దళం నాలుగు వాపిటీ విమానాలతో మొదలైంది అక్కడే. కాబట్టి వాయవ్య ప్రాంతంలో పనిచేసిన సైనికుడి ఆల్బమ్‌లో "హైదరాబాద్" అంటే సింధూ నది ఒడ్డున ఉన్న ఊరు అయ్యే అవకాశమే ఎక్కువ. నేల చూస్తే తేడా తెలుస్తుంది. సింధ్ హైదరాబాద్ చుట్టూ ఒండ్రు మైదానం, పాత ఇళ్ల కప్పుల మీద గాలిని కిందికి మళ్లించే గూళ్లు వరసగా ఉంటాయి. మన హైదరాబాద్‌లో ఆ గూళ్లు లేవు, వాటి స్థానంలో నల్లరాతి గుండ్లు ఉంటాయి. నాటి రైల్వేలు, తపాలా శాఖ రెంటినీ వేరు చెయ్యడానికి "దక్కన్" అని చేర్చేవి. ఆ మాట ఉంటే సమస్య తీరినట్టే.

నాలుగోది అసలు ఊరు. ఇందులోనూ ఒక చిక్కుంది. బ్రిటిష్ సైనికులకు చిరునామా సికింద్రాబాద్. బేగంపేట ఫొటో వెనకా హకీంపేట ఫొటో వెనకా వాళ్లు సికింద్రాబాద్ అనే రాసేవారు. తిరుమలగిరిని "ట్రిముల్‌గెర్రీ" అని పలికి అలాగే రాశారు.

విమానం గుర్తింపు: ఆకారం

మొదట చూడాల్సింది రెక్కల అంతస్తులు, ఇంజన్ల సంఖ్య, ఇంజను రకం, తోక ఆకారం, చక్రాల అమరిక. ఇంజను ముందు భాగం గుండ్రంగా డ్రమ్ములా ఉంటే అది రేడియల్ ఇంజను, కోసుగా సన్నగా ఉంటే సాధారణంగా వరస సిలిండర్ల ఇంజను. ఈ ఒక్క తేడాతో ఎన్నో రకాలు పక్కకు తప్పుకుంటాయి. ఉదాహరణకు టెంపెస్ట్ యుద్ధవిమానాల్లో బ్రిటన్‌లో బాగా పేరు పొందిన ఐదో రకానికి ముక్కు కింద గడ్డం లాంటి రేడియేటర్ ఉంటుంది. భారత దళం వాడిన రెండో రకానికి సెంటారస్ రేడియల్ ఇంజను ఉంటుంది, గడ్డం ఉండదు. దక్కనులో గడ్డమున్న టెంపెస్ట్ కనిపిస్తే ఆ ఫొటో మూలాన్ని మళ్లీ పరిశీలించాలి.

లాంకాస్టర్ బాంబరు, దాని నుంచి తయారైన లాంకాస్ట్రియన్ రవాణా విమానం దూరం నుంచి ఒకేలా ఉంటాయి. బాంబరుకు ముక్కు మీద, వీపు మీద, తోక చివర తుపాకీ గూళ్లు ఉంటాయి. లాంకాస్ట్రియన్‌లో వాటిని తీసేసి ముక్కును, తోకను నున్నగా మూసేశారు. 1948 నాటి హైదరాబాద్ చరిత్రకు ఈ తేడా ముఖ్యమైనది (చూడండి: 1948 నాటి చిత్రాలు). వాంపైర్‌ను గుర్తించడం తేలిక. పొట్టి దేహం వెనక రెండు సన్నని దూలాలు తోకను మోస్తాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చునే శిక్షణ వాంపైర్ ముక్కు వెడల్పుగా ఉంటుంది. కిరణ్‌లో కూడా గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. ఇస్క్రాలో ఒకరి వెనక ఒకరు. హకీంపేట ఫొటో మసకగా ఉన్నా కాక్‌పిట్ అద్దం వెడల్పును బట్టి ఈ రెంటినీ విడదీయవచ్చు.

నంబర్లు, గుర్తులు, రంగులు

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ పద్ధతి సీరియల్ నంబర్లు ఒక అక్షరం, నాలుగు అంకెలుగానో, రెండు అక్షరాలు, మూడు అంకెలుగానో ఉంటాయి. స్వాతంత్ర్యం తరువాత భారత దళం తన సొంత వరస మొదలుపెట్టింది. టెంపెస్ట్‌లకు హెచ్‌ఏ, లిబరేటర్లకు హెచ్‌ఈ, డకోటాలకు హెచ్‌జే, స్పిట్‌ఫైర్లకు హెచ్‌ఎస్, హార్వర్డ్‌లకు హెచ్‌టీ, టైగర్ మాత్‌లకు హెచ్‌యూ అనే అక్షరాలు వచ్చాయి. తరువాతి కాలపు కిరణ్‌లకు యూ, ఇస్క్రాలకు డబ్ల్యూ, హెచ్‌పీటీ-32 దీపక్‌లకు ఎక్స్ వాడారు. ఫొటోలో ఒక్క అక్షరం స్పష్టంగా ఉన్నా వెతుకులాట బాగా తగ్గిపోతుంది.

జాతీయ చిహ్నం కాలాన్ని చెబుతుంది. బ్రిటిష్ రౌండెల్‌లో నీలం బయట, తెలుపు మధ్య, ఎరుపు లోపల ఉండేది. 1942 మధ్య నుంచి తూర్పు రంగంలో ఎరుపును క్రమంగా తీసేశారు. జపాన్ విమానాల ఎర్ర సూర్యబింబంతో పొరబడి సొంత విమానాలను కాల్చకుండా ఉండటానికి ఈ ఏర్పాటు చేశారు. అలా ముదురు నీలం, లేత నీలం లేదా తెలుపుతో చిన్న వలయాలు వచ్చాయి. యుద్ధం చివరి దశలో రెక్కల మీద, తోక మీద తెల్ల పట్టీలు కూడా చేరాయి. భారత దళానికి 1945 మార్చిలో "రాయల్" బిరుదు వచ్చింది. స్వాతంత్ర్యం తరువాత కొద్ది కాలం అశోక చక్రం రౌండెల్‌గా ఉంది. 1950 జనవరి 26న రాయల్ బిరుదు పోయి, కాషాయం బయట, తెలుపు మధ్య, ఆకుపచ్చ లోపల ఉన్న త్రివర్ణ వలయం వచ్చింది.

నలుపు తెలుపు ఫొటోలో ఈ రంగులను చదవడమే కష్టం. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు. ఎరుపు, కాషాయం, పసుపు ముదురుగా పడతాయి, నీలం తేలిపోతుంది. పాన్‌క్రోమాటిక్ ఫిల్ము అన్ని రంగులకూ స్పందిస్తుంది, అందులో పసుపు లేతగా వస్తుంది. శిక్షణ విమానాలకు వేసే పసుపు రంగు ఒక ఫొటోలో బూడిద నలుపుగా, మరో ఫొటోలో దాదాపు తెల్లగా కనిపించడానికి కారణం ఇదే. విమానాలు రెండనుకోవడం తొందరపాటు అవుతుంది. త్రివర్ణ ఫిన్ ఫ్లాష్‌ను బ్రిటిష్ ఎరుపు, తెలుపు, నీలం పట్టీగా పొరబడటం కూడా ఇలాగే జరుగుతుంది. అందువల్ల రౌండెల్ ఒక్కదాన్నే నమ్మి తేదీ నిర్ణయించకూడదు. ముందుగా ఏ ఫిల్మో తేల్చుకోవాలి. ఫొటోలో రంగు తెలిసిన వస్తువు ఏదైనా ఉంటే, ఎర్రజెండా గానీ పచ్చని చెట్టు గానీ, దానితో పోల్చాలి.

స్థలం గుర్తింపు: గుట్టలు, చెరువులు, కట్టడాలు

మనుషుల కట్టడాల కన్నా గుట్టలను ఎక్కువ నమ్మవచ్చు. సికింద్రాబాద్ చుట్టుపక్కల ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాతి గుండ్లు, మధ్య మధ్య తాటిచెట్లు, చెరువు గట్లు కనిపిస్తాయి. బీదర్ కూడా పాత సంస్థానంలోని విమాన క్షేత్రమే. కానీ అది జేగురు రాతి పీఠభూమి. అక్కడ ఆకాశపు అంచు చదునుగా ఉంటుంది.

ఈ ప్రాంతపు ఫొటోలకు కేంద్రబిందువు మౌలాలి గుట్ట. బేగంపేట నుంచి చూస్తే అది దాదాపు సూటిగా తూర్పున, పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. హకీంపేట నుంచి చూస్తే అంతే దూరంలో దక్షిణాన, కొంచెం తూర్పుకు జరిగి ఉంటుంది. అదే గుట్ట రెండు చోట్ల నుంచి వేర్వేరు రూపాల్లో కనిపిస్తుంది, వెలుగు కూడా వేరుగా పడుతుంది. ఉదయం బేగంపేట నుంచి తీసిన ఫొటోలో సూర్యుడు గుట్ట వెనక ఉంటాడు, అది నల్లని నీడలా పడుతుంది. అదే ఉదయం హకీంపేట నుంచి తీస్తే గుట్ట ఎడమ పక్క వెలుగులో ఉంటుంది. విమానం నీడ ఎటు పడిందో, గుట్ట ఎటు ఉందో కలిపి చూస్తే ఈ రెండు క్షేత్రాలను విడదీయవచ్చు. బేగంపేటకు దక్షిణాన హుస్సేన్ సాగర్ ఉంది. ఆకాశం నుంచి తీసిన ఏటవాలు చిత్రంలో రన్‌వే, చెరువు ఒకే చట్రంలో పడతాయి. బేగంపేట ప్రధాన రన్‌వే తూర్పు పడమరలుగా, 09/27 దిశలో ఉంది.

కట్టడాలు తేదీకి ఇరువైపులా హద్దులు గీస్తాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో పూర్తయింది. ట్యాంక్‌బండ్‌ను 1946లో వెడల్పు చేశారు. బేగంపేటలో 1930ల చివరి టెర్మినల్ తరువాత 1972లో కొత్త టెర్మినల్ వచ్చింది. గుట్ట మీద తెల్లని బిర్లా మందిరం 1976 నుంచి ఉంది. హుస్సేన్ సాగర్ మధ్య బుద్ధ విగ్రహం 1992 చివర నిలబడింది. ఫొటోలో ఒక కట్టడం ఉంటే ఆ ఫొటో దాని నిర్మాణం తరువాతిదని చెప్పవచ్చు. కట్టడం లేకపోతే మాత్రం అది ఆ చట్రంలో పడాల్సిన చోటనే కెమెరా చూస్తోందని ముందు రుజువు చెయ్యాలి. ఈ రెండో మెట్టును చాలామంది దాటేస్తారు.

తేలికగా కదిలే వస్తువులను, అంటే గుడారాలు, లారీలు, గాలి సంచులను స్థలానికి సాక్ష్యంగా తీసుకోకూడదు. యుద్ధకాలపు హ్యాంగర్లలో కొన్ని రకాలు విడదీసి మరో చోట బిగించుకునేందుకే తయారయ్యాయి. వాటి ఆకారం కాలాన్ని సూచించవచ్చు, ఊరిని సూచించదు.

నీడలు, కాలం

సికింద్రాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. కర్కటరేఖకు దక్షిణాన ఉండటంతో ఏడాదిలో రెండుసార్లు, సుమారు మే 9న, ఆగస్టు 3న, మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నిలువు కంబం నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది, మిగిలిన ఏడాదంతా ఉత్తరానికి. డిసెంబర్ చివర మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే పది మీటర్ల కంబానికి ఎనిమిదిన్నర మీటర్లకు కాస్త ఎక్కువ నీడ పడుతుంది. విమానం కొలతలు ముందే తెలుసు కాబట్టి దాన్నే కొలబద్దగా పెట్టి నీడ పొడవు లెక్కించవచ్చు. యూరప్ ఫొటోలకు రాసిన సూత్రాల్లో మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని ఉంటుంది. ఆ సూత్రాన్ని మన వేసవి ఫొటోలకు వాడితే దిక్కులన్నీ తారుమారవుతాయి.

గడియారపు సమయం రాసి ఉంటే మరో సవరణ కావాలి. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది. సికింద్రాబాద్ 78.5 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి ఇక్కడ నడినెత్తి పొద్దు సగటున గడియారం 12 దాటిన 16 నిమిషాలకు వస్తుంది. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా గడియారాలను గంట ముందుకు జరిపారు. ఆ మూడేళ్లలో ఇక్కడి సూర్య మధ్యాహ్నం సుమారు ఒంటిగంట 16 నిమిషాలకు పడుతుంది. లాగ్‌బుక్‌లోని సమయాన్ని నీడతో పోల్చేవారు ఈ గంటను మరిస్తే, సరైన ఫొటోనే తప్పని తోసిపుచ్చే ప్రమాదం ఉంది.

నిలువు చిత్రాల కొలతలు

గాలిలోంచి నిలువుగా తీసిన ఫొటో స్కేలు, లెన్సు నాభ్యంతరాన్ని ఎగిరిన ఎత్తుతో భాగిస్తే వస్తుంది. రెండో యుద్ధంలో విస్తృతంగా వాడిన ఎఫ్.24 కెమెరా నెగటివ్ ఐదు అంగుళాల చతురస్రం. ఎనిమిది అంగుళాల లెన్సుతో పదివేల అడుగుల నుంచి తీస్తే స్కేలు 1:15,000 అవుతుంది. అప్పుడు ఒక్కో నెగటివ్‌లో ఒక పక్క 1.9 కిలోమీటర్ల నేల పడుతుంది. అంచున రాసే పట్టీలో తేదీ, ఎత్తు, లెన్సు వివరాలు ఉంటాయి. ఆల్బమ్‌లో అందంగా అమరడానికి ఆ పట్టీని కత్తిరించిన ప్రింట్లే ఎక్కువగా దొరుకుతాయి, అది పెద్ద నష్టం. పట్టీ లేకపోతే చెరువు గట్టు ఒంపు, రైలు కూడలి, రోడ్డు కలిసే కోణం చూసి సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలతో పోల్చాలి. మారిన నగరంలోనూ గట్ల రేఖలు, రైలు మార్గాలు చాలావరకు పాత చోటనే ఉన్నాయి. వైమానిక సర్వేలకు, ఉపగ్రహ చిత్రాలకు దేశంలో కేంద్రమైన జాతీయ దూరగ్రాహక సంస్థ 1974లో సికింద్రాబాద్ కేంద్రంగా మొదలైంది. ఇప్పుడు అది ఇస్రోలో భాగం. 2009లో వచ్చిన భువన్ వేదికలో నేటి నేలను చూసి పాత చిత్రంతో సరిపోల్చుకునే సౌకర్యం ఇంట్లో కూర్చున్నవారికీ అందింది.

తిరగబడిన ప్రింట్లు, దిద్దిన ప్రింట్లు

నెగటివ్‌ను బోర్లా పెట్టి ప్రింటు తీస్తే కుడి ఎడమలు మారతాయి. అక్షరాలు ఉంటే వెంటనే తెలుస్తుంది. లేకపోతే యంత్రంలోని అసమానతలు పట్టిస్తాయి. తొలి స్పిట్‌ఫైర్‌లో పైలట్ ఎక్కే తలుపు ఎడమ పక్కన, రెక్క కింద నూనె చల్లార్చే గొట్టం ఎడమన, పెద్ద రేడియేటర్ కుడిన ఉంటాయి. అవి మారాయంటే ప్రింటు తిరగబడింది. స్థలాన్ని వెతికేవారు ఇది ముందుగానే చూసుకోవాలి. తిరగబడిన ప్రింటులోని గుట్టల వరస ఏ ఊళ్లోనూ దొరకదు. యుద్ధకాలపు సెన్సారు అధికారులు స్క్వాడ్రన్ కోడ్‌లను, ఏరియళ్లను, వెనకటి భవనాలను కుంచెతో తుడిపేసేవారు. పత్రికలకు ఇచ్చిన ఫొటోల మీద ఉన్న తేదీ చాలాసార్లు విడుదల చేసిన రోజుది, తీసిన రోజుది కాదు.

1948 నాటి చిత్రాలు

హైదరాబాద్ సంస్థానాన్ని భారతదేశంలో కలపడానికి 1948 సెప్టెంబర్ 13న మొదలైన సైనిక చర్య ఆపరేషన్ పోలోలో టెంపెస్ట్‌లు పుణె నుంచి ఎగిరి నిజాం విమాన క్షేత్రాల మీద దాడి చేశాయి. అంతకుముందు నెలల్లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ లాంకాస్ట్రియన్లతో కరాచీ నుంచి బీదర్, వరంగల్ క్షేత్రాలకు ఆయుధాలు చేరవేశాడు. ఇతడే 1939లో రహస్య కెమెరాలు అమర్చిన లాక్‌హీడ్ విమానంలో జర్మనీ మీద ఎగిరి ఫొటోలు తీసి, బ్రిటిష్ వైమానిక నిఘా ఛాయాగ్రహణానికి పునాది వేసినవాడు. ఆకాశం నుంచి ఫొటో తీసి నేలను చదవడమనే విద్యకూ దక్కను చరిత్రకూ ఇలా ఒకే మనిషి ద్వారా ముడి పడింది. ఈ కాలపు ఫొటోలకు కొన్ని గట్టి హద్దులు ఉన్నాయి. వాంపైర్లు భారతదేశానికి 1948 చివర, పోలో ముగిశాక వచ్చాయి. త్రివర్ణ రౌండెల్ 1950 నాటిది. ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ ఫొటో పోలో నాటిది కాదు.

బేగంపేటలో విమానం దిగిన సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించి స్వాగతం చెబుతున్న ప్రసిద్ధ ఫొటో తరచూ 1948 సెప్టెంబర్ లొంగుబాటు దృశ్యంగా చెలామణి అవుతుంటుంది. అది 1949 ఫిబ్రవరిలో పటేల్ పర్యటన నాటిది. లొంగుబాటు జరిగినది నిజాం సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్‌కూ భారత సేనలను నడిపిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికీ మధ్య. ఇక్కడ స్థలం సరైనదే, మనుషులూ సరైనవాళ్లే, తేదీ ఒక్కటే జారిపోయింది. అంత చిన్న జారుడుతో ఫొటో చెప్పే కథంతా మారిపోయింది.

భాండాగారాలు

పోల్చి చూడటానికి అవసరమైన చిత్రాలు, రికార్డులు ఢిల్లీ పాలంలోని భారత వైమానిక దళ మ్యూజియం, రక్షణ శాఖ చరిత్ర విభాగం, లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం, రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలలో ఉన్నాయి. సంస్థాన కాలపు దస్త్రాలకు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాభిలేఖాగారం ముఖ్యం. అధికారిక సేకరణల్లో విమానాలు, అధికారులు ఎక్కువగా కనిపిస్తారు. మెకానిక్‌లు, ఫిట్టర్లు, క్యాంటీన్ మనుషులు, రన్‌వే వేసిన కూలీలు కుటుంబ ఆల్బమ్‌లలోనే ఉంటారు. ఆ లెక్కన ఇంటి ఆల్బమ్‌లు ఏ మ్యూజియం సేకరణకూ తీసిపోవు.

చట్టపరమైన హద్దులు

పాత ఫొటో తీసిన చోటే నిలబడి కొత్త ఫొటో తీసి పోల్చడం ప్రపంచమంతటా మంచి పద్ధతిగా పేరు పొందింది. బేగంపేట, హకీంపేట, దుండిగల్ విషయంలో అది అనుమతి లేకుండా కుదరదు. 1937 నాటి విమాన నియమావళి 13వ నియమం ప్రభుత్వ విమాన క్షేత్రాల్లోనూ, ఎగిరే విమానం నుంచీ అనుమతి లేని ఛాయాగ్రహణాన్ని నిషేధించింది. సైనిక స్థావరాలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం కూడా వర్తిస్తుంది. మౌలాలి గుట్ట పైనుంచి, ట్యాంక్‌బండ్ మీద నుంచి గుట్టల వరసను చూసి గీసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

నమోదు

గుర్తింపు ఫలితాన్ని రాసేటప్పుడు ప్రతి అంశానికీ నమ్మకపు స్థాయిని విడిగా చెప్పాలి. విమానం ఖాయం కావచ్చు, స్థలం బహుశా కావచ్చు, సంవత్సరం ఊహే కావచ్చు. ఫొటో వెనక ఉన్న పాత రాతను, అది తప్పని తేలినా, చెరపకూడదు, దాని మీద రాయకూడదు. ఆ చేతిరాత కూడా సాక్ష్యమే. కొత్త వివరాలను మెత్తని పెన్సిల్‌తో, అంచున, రాసిన తేదీతో చేర్చాలి. బాల్‌పెన్ గీత ప్రింటు ముందు వైపుకు ఉబ్బి వస్తుంది. స్కాన్ చేసేటప్పుడు వెనక వైపును కూడా స్కాన్ చెయ్యాలి. ఆల్బమ్ నుంచి ఊడదీసే ముందు ఏ పుటలో ఏ వరసలో ఉందో రాసుకోవాలి. పక్క ఫొటోలోని గుట్టే ఈ ఫొటోలోనూ ఉందని తరువాత ఎవరో గమనించే అవకాశం ఉంది.